పలుపూ గుంజా: సీటు బెల్టు బిగింపుల చరిత్ర

తార్నాక పేరులోనే తనిఖీ ఉంది. తార్ అంటే తీగె, నాకా అంటే రాకపోకలను ఆపి చూసే చౌకీ. నిజాముల కాలంలో ఇక్కడ ముళ్ళతీగె కంచె, దాని పక్కనే ఒక చౌకీ ఉండేవనీ, ఆ రెండూ కలిసి ఈ పేరు వచ్చిందనీ ఇక్కడి పెద్దలు చెబుతారు. నేడు కంచె లేదు, చౌకీ లేదు, పేరు మాత్రం మిగిలింది. కూడలిలో నిలబడితే ఒక దారి మెట్టుగూడ మీదుగా సికిందరాబాదుకు, మరొకటి హబ్సిగూడ మీదుగా ఉప్పల్‌కు, ఇంకొకటి లాలాపేటకు పోతాయి. నాలుగవది ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి తీసుకుపోతుంది. ఈ వ్యాసం కూడా ఒక తనిఖీని గురించినదే. మనిషిని కారుకు కట్టివేసే పట్టీని ఎక్కడ, దేనితో, ఎలా బిగించాలి అన్నదే ఆ తనిఖీ. వస్తువు చిన్నది, చిటికెనవేలు లావు బోల్టు. దాని వెనుక ఉన్న కథకు మాత్రం 140 ఏళ్ళ వయసు.

ముందుగా మాటల సంగతి. ఉస్మానియా స్థాపనకు 1917లో ఫర్మానా వెలువడింది, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంజినీరింగు కళాశాల 1929లో వచ్చింది. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పాలంటే ముందు ఉర్దూలో మాటలుండాలి. అందుకని విశ్వవిద్యాలయం కంటే ముందుగా, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను నెలకొల్పారు. శాస్త్రాన్ని ఇంటి భాషలో చెప్పబూనిన ప్రతివారికీ ఆ చిక్కు తప్పదు. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు నాకూ ఎదురయింది. బెల్టును బెల్టు అనే అంటున్నాం, బోల్టును బోల్టు అనే అంటున్నాం. కానీ బెల్టు చివర బండి చట్రానికి బిగిసే ఆ చోటును ఏమనాలి? ఆంగ్లేయులు ఓడల భాష నుండి తెచ్చుకున్న మాట వాడతారు. మనకూ ఓడల వాళ్ళ మాట ఉంది: లంగరు. దానినే వాడుకుంటాను. అయితే అసలు సంగతి తెలియాలంటే ఓడ కంటే కొట్టం దగ్గరి పోలిక మేలు. ఎద్దును కట్టే పలుపు ఒకటి, ఆ పలుపును కట్టే గుంజ ఒకటి. సంతలో పలుపును బేరమాడి, లాగి చూసి కొంటాం. గుంజను ఎవరూ బేరమాడరు. ఎద్దు బెదిరిన రోజున పలుపు తెగదు, గుంజ లేచివస్తుంది. సీటు బెల్టు చరిత్ర అంటే నా దృష్టిలో జనం పలుపును చూస్తూ ఉండగా కొందరు గుంజను పట్టించుకున్న చరిత్ర.

ఇంతకీ ఈ ఆసక్తి నాకెందుకు కలిగిందో చెప్పాలి. తార్నాకలో మా వీధి చివర ఒక వెల్డింగు షెడ్డు ఉంది. కొన్నేళ్ళ క్రితం నగరంలోని ఒక ఇంజినీరింగు కళాశాల విద్యార్థులు అయిదారుగురు అక్కడ ఒక చిన్న పోటీ కారు కట్టుకున్నారు. మన దేశంలో ఇంజినీరింగు విద్యార్థులకు ఇటువంటి పోటీలు కొంతకాలంగా జరుగుతున్నాయి. 1976లో అమెరికాలోని దక్షిణ కెరొలైనా విశ్వవిద్యాలయంలో మొదలైన బాహా పోటీ 2007లో బాహా ఎస్‌ఏఈ ఇండియాగా ఇందూరు దగ్గరి పీఠంపూర్‌కు చేరింది. రేసు కారు తరహా పోటీ అయిన సుప్రా 2011లో మొదలయింది. విద్యార్థులే గొట్టాలు వంచి, అతికించి, ఒక మనిషి కూర్చుని నడిపే బండిని తయారుచేయాలి. పరుగుకు ముందు తనిఖీ. అందులో నెగ్గని బండి ట్రాక్ మీదికి పోదు.

ఆ విద్యార్థులు పోటీ కోసం మంచి పేరున్న అయిదు కొసల హార్నెస్ కొన్నారు. భుజాలకు రెండు పట్టీలు, నడుముకు రెండు, తొడల మధ్య నుండి ఒకటి. దాని మీద వారికి ఎంతో భరోసా. అయితే దానిని బిగించడానికి పలుచని రేకును కత్తిరించి, రంధ్రం వేసి, గొట్టానికి ఒక పక్కన మాత్రమే అతికించారు. షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన ఆ రేకును వేలితో మీటి చూసి, "ఇది నడువదు బిడ్డా" అన్నాడు.

"ఎందుకు ఉస్తాద్? బెల్టు కొత్తది, బోల్టు కూడా గట్టిదే కదా?" అని అడిగాడు వారిలో ఒక కుర్రవాడు.

"బెల్టు తెగదు బిడ్డా. బెల్టు పట్టుకున్నది ఊడుతది."

ఆ కుర్రవాళ్ళు వాదించలేదు. నిబంధనల కాగితాలు తెరిచి మళ్ళీ చదువుకున్నారు. ఉస్తాద్ చూపుతో చెప్పినదే కాగితాలలో అంకెల రూపంలో ఉంది. ఆ అంకెలు ఎక్కడినుండి వచ్చాయో తెలుసుకోవాలనిపించి నేను చదువుతూ పోయాను. చదివినది కొంత ఇక్కడ పంచుకుంటున్నాను.

1885లో న్యూయార్కు వాసి ఎడ్వర్డ్ క్లాగోర్న్‌కు ఒక రక్షణ పట్టీ మీద పేటెంటు లభించింది. సీటు బెల్టు చరిత్రలలో తరచు ఆయన పేరే మొదట వస్తుంది. కానీ అది కారు కోసం చేసినది కాదు. ఒంటికి కట్టుకునే పట్టీకి కొక్కేలు తగిలించి, మనిషిని ఏదైనా కదలని వస్తువుకు కట్టివేయడం దాని ఉద్దేశం. ఆ కదలని వస్తువు అన్న ఆలోచనే మన గుంజ. పట్టీకి సొంతంగా ప్రయోజనం లేదు, దాని రెండవ కొస దేనికి తగిలిందో అదే ప్రయోజనం అని మొదటి పత్రంలోనే ఉంది.

తరువాతి అడుగు ఆకాశంలో పడింది. 1910లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో బెంజమిన్ ఫులోయ్ అనే సైనికాధికారి అమెరికా సైన్యపు తొలి విమానాన్ని నడుపుతున్నాడు. ఆ విమానాలలో పైలట్ రెక్క మీద అరుగు మీద కూర్చున్నట్లు కూర్చునేవాడు. కుదుపుకు తాను ఎగిరిపడబోయిన తరువాత ఆయన అశ్వదళానికి జీనులు కుట్టేవారి దగ్గరికి పోయి ఒక తోలుపట్టీ చేయించుకున్నాడు. గుర్రపు జీను నుండి విమానానికి, విమానం నుండి కారుకు – పట్టీ ప్రయాణించిన దారి ఇది.

పట్టీ రక్షించడమే కాదు, సరిగా అమర్చకపోతే పొడుస్తుంది కూడా. ఈ సంగతిని తన ఒంటి మీదే తెలుసుకున్నవాడు హ్యూ డీహేవెన్. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, కెనడాలో పైలట్ శిక్షణ పొందుతూ ఆయన విమాన ప్రమాదంలో చిక్కుకుని బతికాడు. కడుపులోని గాయాలకు తన బెల్టు బకిలే కారణమని ఆయన నమ్మాడు. మనిషి ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నతో పాటు, బతికినవాడు ఎందుకు బతికాడన్న ప్రశ్న కూడా వేయడం ఆయనతో మొదలయింది. 1942లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రమాద గాయాల పరిశోధన ప్రారంభించి, ఆ ప్రశ్ననే ఒక శాస్త్రంగా నిలబెట్టాడు.

మనిషి శరీరం ఎంత దెబ్బకు ఓర్చుకోగలదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు అమెరికా వైమానికదళ వైద్యుడు జాన్ పాల్ స్టాప్. 1954 డిసెంబరు 10న న్యూ మెక్సికోలోని హాలమన్ స్థావరంలో రాకెట్లు తోసే బండిలో తానే కూర్చుని గంటకు 632 మైళ్ళ వేగానికి, అంటే సుమారు 1,017 కిలోమీటర్లకు చేరాడు. 1.4 సెకన్లలో బండి ఆగింది. ఆ ఆగడంలో ఆయన శరీరం భూమ్యాకర్షణకు 46 రెట్లు పైబడిన తాకిడిని చవిచూసింది. కళ్ళలో రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయింది, కానీ మనిషి బతికాడు. ఆ ప్రయోగాన్ని అందరూ దేహదారుఢ్యానికి నిదర్శనంగా చెబుతారు. నాకు అందులో మరొకటి కనబడుతుంది. ఆయనను పట్టిన పట్టీలూ, ఆ పట్టీలను పట్టిన బోల్టులూ కదలలేదు. అవి కదిలి ఉంటే మనిషి ఓర్పు ఎంతో మనకు తెలిసేదే కాదు. ఆ తరువాత స్టాప్ కార్లలో బెల్టులు పెట్టాలని ఊరూరా చెబుతూ తిరిగాడు.

1959 నాటి మలుపు చాలామందికి తెలిసిందే. సాబ్ కంపెనీలో యుద్ధవిమానాల ఎజెక్షన్ సీట్ల మీద పనిచేసిన నిల్స్ బోలిన్ 1958లో వోల్వోకు వచ్చి మూడు కొసల బెల్టును రూపొందించాడు. వోల్వో ఆ పేటెంటును అందరూ వాడుకునేటట్లు వదిలివేసింది. ఈ ఉదారతను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. కానీ బోలిన్ చేసిన అసలు పని ఏమిటన్నది అంతగా ప్రచారంలో లేదు. ఛాతీకి అడ్డంగా పట్టీ అంతకు ముందే ఉంది. నడుంపట్టీ అంతకు ముందే ఉంది. మూడు కొసల బెల్టుకు అమెరికాలో గ్రిస్వోల్డ్, డీహేవెన్‌ల పేటెంటు కూడా అంతకు ముందే ఉంది. పాత అమరికలలో బకిల్ పొట్ట మీదికో పక్కటెముకల మీదికో వచ్చేది. బోలిన్ ఛాతీపట్టీనీ నడుంపట్టీనీ తుంటి పక్కన, కిందుగా ఒకే చోట కలిపాడు. పట్టీలు రెండూ నేల వైపు మొన ఉన్న కోణంగా ఏర్పడి, తాకిడిలో పక్కకు జరగకుండా నిలుస్తాయి. బలం మెత్తని కడుపు మీద కాక, తుంటి ఎముక మీద, ఛాతీ మీద పడుతుంది. అంటే ఆయన కొత్తగా కనిపెట్టినది గుడ్డ కాదు, కొసలు ఎక్కడ ఉండాలన్న సంగతి.

అక్కడినుండి చట్టాలు వచ్చాయి. అమెరికా అమలుచేసిన ప్రమాణాలలో బెల్టుకు 209, లంగరుకు 210 అని రెండు వేరువేరు సంఖ్యలున్నాయి. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం నిబంధనలలో లంగరుకు 14వది, బెల్టుకు 16వది. రెండూ 1970లో అమలులోకి వచ్చాయి. ఈ విభజన గమనించదగ్గది. పలుపుకు ఒక పరీక్ష, గుంజకు మరొక పరీక్ష. ఒకదానిలో నెగ్గినంత మాత్రాన రెండవదానిలో నెగ్గినట్లు కాదు.

14వ నిబంధన ఏమడుగుతుంది? మామూలు కారులో మూడు కొసల బెల్టుకు సంబంధించి ఛాతీపట్టీని 13,500 న్యూటన్ల బలంతోనూ, అదే సమయంలో నడుంపట్టీని మరో 13,500 న్యూటన్లతోనూ లాగాలి. లంగరులు కనీసం 0.2 సెకను తట్టుకోవాలి. కేవలం నడుంపట్టీ ఉన్న సీటుకైతే 22,250 న్యూటన్లు. కొంత వంగవచ్చు, ఊడిరాకూడదు. ఈ అంకెలు ఎంత పెద్దవో తెలియాలంటే చిన్న లెక్క చేసి చూద్దాం. గంటకు 50 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. కారు గోడకు తగిలి, ముందుభాగం నలిగి, బెల్టు కాస్త సాగి, మొత్తం మీద మనిషి అర మీటరు దూరంలో ఆగాడనుకుందాం. అప్పుడు అతని మీద సగటున భూమ్యాకర్షణకు సుమారు 20 రెట్ల తాకిడి పడుతుంది. 70 కిలోల మనిషి ఆ క్షణంలో 1,400 కిలోల బరువుతో ముందుకు పోతాడు. న్యూటన్లలో చెబితే అది దాదాపు 13,700. 50 కిలోమీటర్ల వేగం మనకు వేగంగానే అనిపించదు. తార్నాక నుండి హబ్సిగూడకు రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద పోయే వేగం అది. ఆ వేగంలో ఆగితే మనమే ఒక చిన్న కారంత బరువవుతాం. ఆ బరువును పట్టుకునేది రెండు మూడు బోల్టులు.

విచిత్రమేమిటంటే ఆ బోల్టులు సాధారణంగా సమస్య కావు. బెల్టు లంగరుకు ప్రపంచమంతా వాడే బోల్టు కొలత 7/16 అంగుళం. మన షెడ్డుల భాషలో మూడున్నర సూత్. మంచి ఉక్కుతో చేసిన అటువంటి ఒక్క బోల్టు నిలువుగా లాగితే 40,000 న్యూటన్లకు పైగా ఓర్చుకుంటుంది. బలహీనత ఉన్నది బోల్టు దిగిన రేకులో. కారు అడుగు రేకు మందం దాదాపు ఒక మిల్లీమీటరు. దానికి రంధ్రం వేసి, వాషరు పెట్టి, నట్టు బిగించి లాగితే కాగితంలో గుచ్చిన గుండుసూది లాగా నట్టు రేకును చీల్చుకుని పైకి వస్తుంది. అందుకే కర్మాగారాలు ఆ చోట రేకు వెనుక మందపాటి పలకను అతికించి, బలాన్ని వెడల్పుగా పంచుతాయి. గుంజను నేలలో ఎంత లోతుగా పాతాలో తెలిసిన రైతుకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు.

బలం ఒక్కటే కాదు, చోటు కూడా లెక్కలోకి వస్తుంది. నడుంపట్టీ కింది లంగరులు సీటు మీద మనిషి తుంటికి ఏ కోణంలో ఉండాలో 14వ నిబంధన చెబుతుంది. ముందు సీట్లకు బకిల్ వైపు 45 నుండి 80 డిగ్రీలు, రెండవ వైపు 30 నుండి 80. కోణం మరీ తక్కువయితే, అంటే లంగరు బాగా వెనుకకు పోతే, తాకిడిలో మనిషి నడుంపట్టీ కిందినుండి ముందుకు జారిపోతాడు. పట్టీ తుంటి ఎముకను వదిలి కడుపులోకి దిగుతుంది. పోటీ హార్నెస్‌లో తొడల మధ్య నుండి వచ్చే అయిదవ పట్టీ ఆ జారుడును ఆపడానికే. ఇక భుజపట్టీ లంగరు తుంటి బిందువుకు కనీసం 450 మిల్లీమీటర్ల పైన ఉండాలి. అది భుజం కంటే బాగా కిందికి ఉంటే పట్టీ భుజాన్ని వెనుకకు కాక కిందికి లాగుతుంది, ఆ బలమంతా వెన్నెముకను నొక్కుతుంది. ఇటువంటి ఒక్కొక్క డిగ్రీ వెనుక ఏదో ఒక ఆసుపత్రి మంచం ఉందని మరచిపోరాదు. నిబంధనల భాష పొడిగా ఉంటుంది, అది పుట్టిన చోటు పొడిగా లేదు.

ఇవన్నీ కర్మాగారాల సంగతి. ఒక కంపెనీ ఒక నమూనా కారును పరీక్షలో పాడుచేసి, అదే రకం కార్లు లక్ష అమ్ముకోవచ్చు. ఒక్క కారును ఇంట్లో కట్టుకున్నవాడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెతకవలసి వచ్చిన దేశం బ్రిటన్. అక్కడ తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలుగా కొని తానే బిగించుకుంటే ఉండేది కాదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అటువంటి కిట్ కార్లలో పేరు పొందినది. 1973లో కొత్త పన్ను విధానం వచ్చి ఆ లాభం పోయినా అలవాటు పోలేదు. గరాజులలో, పెరళ్ళలో కార్లు కట్టుకునేవారు మిగిలారు. వారి కోసం 1998లో ఒక్కొక్క బండినీ విడివిడిగా పరిశీలించే పద్ధతి వచ్చింది. 2009 నుండి దాని స్థానంలో మరింత వివరమైన మరొక పద్ధతి అమలులోకి వచ్చింది. ఇక్కడ బండిని లాగి విరగ్గొట్టి చూడలేరు, ఉన్నది ఒక్కటే కనుక. ఇన్‌స్పెక్టరు కళ్ళతో, కొలబద్దతో చూస్తాడు. లంగరు ఫైబర్‌గ్లాసు ఒంటికి ఉందా, ఉక్కు చట్రానికి ఉందా? వెనుక పలక ఉందా? బ్రాకెట్టు పట్టీ లాగే దిశలోనే ఉందా, లేక అడ్డంగా ఉండి వంగిపోతుందా? కట్టినవాడు ప్రతి బోల్టుకూ జవాబుదారీ. కారు కొనుక్కున్నవాడికి జీవితంలో ఎన్నడూ తెలియని సంగతులు కట్టుకున్నవాడికి తెలిసితీరాలి.

విద్యార్థుల పోటీల నిబంధనలు ఈ దారిలోనివే. ఫార్ములా తరహా పోటీలలో నడుంపట్టీ, భుజపట్టీ లంగరు ఒక్కొక్కటి 13,000 న్యూటన్లకూ, తొడపట్టీది 6,500కూ తగినట్లు ఉండాలి. ఒకే బ్రాకెట్టుకు నడుంపట్టీ, తొడపట్టీ రెండూ తగిలిస్తే 19,500. బ్రాకెట్టు ఉక్కు ఎక్కడ తెగినా తెగే చోట కనీసం 60 చదరపు మిల్లీమీటర్ల లోహం ఉండాలంటారు. ఎందుకు 60 అని నేను లెక్క వేసి చూశాను. మామూలు ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్లు ఓర్చుకుంటే 60కి 15,000 అవుతుంది. 13,000 అవసరం, పైన కొద్దిపాటి భద్రత. భుజపట్టీలు భుజం నుండి వెనుకకు పోయేటప్పుడు సమతలానికి 10 డిగ్రీలు పైకి, 20 డిగ్రీలు కిందికి మించకూడదు. వెన్నెముక సంగతి ఇందాక చెప్పినదే. తార్నాక షెడ్డులో ఆ కుర్రవాళ్ళు రేకు బ్రాకెట్టును కోసివేసి, మందపాటి పలకలు రెండు కోసి, గొట్టానికి ఇరువైపులా అతికించి, పట్టీ కొసను రెంటి నడుమ ఉంచి బోల్టు దూర్చారు. ఒక పలకకు బిగించిన బోల్టు ఒరుగుతుంది, రెండు పలకల నడుమ బోల్టు ఒరగదు. ఆ బండిని తోసుకుంటూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి పోయి, మట్టమైన చోట నిలిపి, ఒకడిని కూర్చోబెట్టి కోణాలు కొలిచారు. తార్నాక వాసులు ఎందరో స్టీరింగు పట్టడం నేర్చుకున్నది ఆ చెట్ల నీడలోని రోడ్ల మీదే. ఆ కుర్రవాళ్ళు అక్కడ వేరొక పాఠం నేర్చుకున్నారు.

మన చట్టం మాటకు వద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర నిబంధనలు మనకు ఆధారం. ముందు సీట్లకు బెల్టు ఉండాలని 125వ నిబంధనలోకి 1993 సవరణ ద్వారా చేరింది, తయారీదారులకు ఏడాది గడువు ఇచ్చారు. బెల్టుకు ఏఐఎస్-005, లంగరుకు ఏఐఎస్-015 అని మనకూ రెండు ప్రమాణాలు వచ్చాయి. తరువాత భారతీయ ప్రమాణాలు 15140, 15139 వాటికి జతకూడాయి. 126వ నిబంధన ప్రకారం ప్రతి నమూనా బండినీ పూనాలోని ఏఆర్‌ఏఐ, అహ్మద్‌నగర్‌లోని వీఆర్‌డీఈ వంటి సంస్థలలో పరీక్షించాలి. ఈ ఏర్పాటు అంతా కర్మాగారాన్ని దృష్టిలో పెట్టుకున్నది. అమ్ముడయిన బండిని యజమాని తన ఇష్టం వచ్చినట్లు మార్చుకోవడాన్ని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. తయారీదారు ఇచ్చిన మూల లక్షణాలకు విరుద్ధంగా మార్పులు చేయరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన వ్యాజ్యంలో స్పష్టం చేసింది. అందుకే విద్యార్థుల బండి ప్రాంగణంలో తిరగవచ్చు, ట్రాక్ మీద తిరగవచ్చు, తార్నాక రోడ్డు మీద తిరగరాదు.

ఒకచోట చట్రం, మరొకచోట ఒళ్ళు అన్న పద్ధతి మన నగరానికి కొత్త కాదు. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలయింది. 1942లో ఏర్పడిన హైదరాబాదు ఆల్విన్ చట్రాల మీద బస్సు బాడీలు కట్టి పేరు తెచ్చుకుంది. సీటును నేలకు ఎలా బిగించాలన్నది ఈ ఊరి చేతిపనివారికి తరాలుగా ఎదురయిన ప్రశ్నే. ఉస్తాద్ వేలితో మీటి చెప్పిన మాట వెనుక ఆ అనుభవపు పాలు కొంత ఉంటుందని నా ఊహ.

ఇక మనం ఎక్కడ ఉన్నాం? 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో కారు ప్రమాదంలో నందమూరి హరికృష్ణ మరణించినప్పుడు, ఆయన బెల్టు పెట్టుకోలేదన్న వార్త తెలుగునాట అందరినీ కలచివేసింది. 2022 సెప్టెంబరు 4న వెనుక సీటులో ఉన్న సైరస్ మిస్త్రీ మరణంతో వెనుక సీటు బెల్టు మాట దేశమంతా వినబడింది. ఆ తరువాత కూడా బెల్టు పెట్టుకోకుండానే కారు మొరను ఆపే క్లిప్పులు అంగళ్ళలో దొరికాయి. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ సంస్థలను వాటిని అమ్మవద్దని ఆదేశించవలసి వచ్చింది. గుంజ ఉంది, పలుపు ఉంది, కట్టుకోవడానికి మనమే సిద్ధంగా లేము.

కట్టుకునేవారికి కూడా ఒక ప్రమాదం పొంచి ఉంది. దానిని తనిఖీ చేసే నాకా రోడ్డు మీద లేదు. పాత జీపుకు అదనంగా సీటు వేయిస్తాం. పాత వ్యానుకు వెనుక బెంచీ పెట్టిస్తాం. సీటు కవర్లు మార్చేటప్పుడో, కింద తుప్పు బాగుచేయించేటప్పుడో బెల్టు బోల్టులు ఊడదీస్తారు. ఊడిన బోల్టు కనబడకపోతే డబ్బాలోంచి మరొకటి వెతుకుతారు. మూడున్నర సూత్ బోల్టు 11.1 మిల్లీమీటర్లు. దానికి దగ్గరగా దొరికేవి 10, 12. పదిది వదులుగా దూరి, నాలుగు మరలకు పట్టినట్టే ఉంటుంది. పన్నెండుది బలవంతంగా దింపితే మరలు కోసుకుపోతాయి. రెండూ మామూలు రోజున బిగువుగానే కనబడతాయి. బెల్టు వేలాడుతుంది, క్లిక్కుమంటుంది, మొర ఆగిపోతుంది. తేడా తెలిసేది ఒక్క రోజున, ఒక్క క్షణంలో. అది తెలిసినా చెప్పడానికి అప్పటికి మనిషి ఉండకపోవచ్చు.

కనుక బండి షెడ్డు నుండి ఇంటికి వచ్చినప్పుడు రంగు, కవర్లు చూసుకునే ముందు బెల్టు కొసను ఒకసారి తడిమి చూడండి. అది రేకుకు ఉందా, వెనుక మందపు పలకకు ఉందా? బోల్టు పాతదేనా, మార్చారా? మార్చితే ఎందుకు మార్చారు? ప్రమాదంలో ఒకసారి గట్టిగా లాగబడిన బెల్టును, దాని బోల్టులను తిరిగి వాడవద్దని కూడా తెలుసుకోండి. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. అంకెలు తెలియకపోయినా ఫరవాలేదు, ఏమి అడగాలో తెలిస్తే చాలు. తార్నాక షెడ్డులో ఆ కుర్రవాళ్ళు తమ బండిలో కూర్చోబోయే స్నేహితుడి కోసం అడిగినవి ఈ ప్రశ్నలే.